డాక్టరుగారిని అడిగితే తప్పా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 68 ఏళ్లు. చాలాకాలంగా షుగరు, బీపీ ఉన్నాయి. గాజువాకలో మా ఇంటికి దగ్గరలోని ఒక ఆసుపత్రిలో చూపిస్తున్నాం. కిందటి నెల చీటీలో కొత్త బిళ్ల ఒకటి చేరితే, అది దేనికని నేను అడిగాను. "నమ్మకం లేకపోతే వేరే చోట చూపించుకోండి" అని డాక్టరుగారు విసుక్కున్నారు. బయటికి వచ్చాక అమ్మ నన్నే కోప్పడింది. "పెద్ద డాక్టరు బాబుని అలా అడుగుతారటే? రేపు నన్ను సరిగ్గా చూడకపోతే?" అని ఆమె భయం. వేరొక డాక్టరు అభిప్రాయం తీసుకుందామని, అంతకుముందు అమ్మ అక్కడ చేరినప్పటి కేసు షీటు నకలు అడిగితే, ఇవ్వడం కుదరదన్నారు. మేము చేసింది తప్పా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: తప్పు కాదమ్మా, అడగవలసిన ప్రశ్ననే మీరు అడిగారు. రోజూ ఓపీలో కూర్చొని రోగులను చూసే డాక్టరుగా ఆ విసుగు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వంటి చోటికి శ్రీకాకుళం, విజయనగరం మొదలుకొని ఒడిశా సరిహద్దు ఊళ్ల దాకా జనం తెల్లవారకముందే బయలుదేరి వస్తారు; ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ సాయంత్రమయ్యేసరికి రద్దీ తక్కువేమీ ఉండదు. అయినా ఆ భారాన్ని రోగి మీద చూపడం న్యాయం కాదు. రోగి ఇంట్లో ఏం తింటున్నారో, ఏ బిళ్ల ఎప్పుడు వేసుకుంటున్నారో, ఏది మానేశారో మాకు మీరు చెబితేనే తెలుస్తుంది. ఆ సమాచారం లేకుండా రాసిన చీటీ ఎంత పెద్ద డాక్టరు రాసినా సగం ఊహే.

షుగరు రోగుల విషయంలో నేను తరచుగా చూసే ఒక ప్రమాదం చెబుతాను. ఒక డాక్టరు షుగరును తగ్గించే గ్లిమెపిరైడ్ అనే మందును ఒక కంపెనీ పేరుతో రాస్తారు. కొన్నాళ్లకు మరొకరు అదే మందుతో మెట్‌ఫార్మిన్ అనే మరో షుగరు మందు కలిసి ఉన్న బిళ్లను ఇంకో పేరుతో రాస్తారు. ఇంట్లో రెండూ "షుగరు బిళ్లలే" కనుక రెండూ వేసుకుంటారు. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, కళ్లు తిరగడం మొదలవుతుంది. షుగరు పడిపోయిందని తెలియక నీరసమనుకొని పడుకోబెడతారు. అటువంటప్పుడు తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్లో, గ్లూకోజో ఇచ్చి, డాక్టరుకు చెప్పాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఓపీలో మందులు చూపించమంటే, పేరున్న భాగం మందుల దుకాణంలోనే కత్తిరించుకోగా మిగిలిన నాలుగు బిళ్లల ముక్కను సంచిలోంచి తీసి, "ఈ చిన్న తెల్ల బిళ్లండీ" అంటారు. దాన్ని చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేడు. అందుచేత పేరు, గడువు తేదీ ఉన్న కొస మీకే ఇమ్మని దుకాణంలో అడగండి, బిల్లు దాచండి, వెళ్లిన ప్రతిసారీ వాడుతున్న మందులన్నీ, మోకాళ్ల నొప్పులకు తెచ్చుకున్న మాత్రలతో సహా, ఒకే సంచిలో తీసుకువెళ్లండి. నొప్పి మాత్రలు కొన్ని బీపీని పెంచుతాయి, షుగరు ఉన్నవారి మూత్రపిండాలకు చేటు చేస్తాయి. వాటిని మందుల కింద లెక్కవేయక చెప్పనివారే ఎక్కువ.

దాచడం మరొక సంగతి. డాక్టరు తిడతారని, మానేసిన బీపీ బిళ్లను వేసుకుంటున్నామనే చెబుతారు. బీపీ తగ్గలేదు కనుక డాక్టరు రెండో బిళ్ల చేరుస్తారు. ఇంటికి వెళ్లాక భయపడి రెండూ ఒకేసారి మొదలుపెడితే, బీపీ ఒక్కసారిగా పడిపోయి బాత్‌రూములో కిందపడిన పెద్దవాళ్లను చూశాను. "పదిహేను రోజులు వేసుకోలేదండీ, కాళ్లు వాస్తున్నాయని ఆపేశాను" అని చెప్పే రోగి నాకు ఎంతో మేలు చేసినట్టు. పసరు మందు తాగినా చెప్పాల్సిందే.

ఇక గదిలోకి వెళ్లాక ఎలా మాట్లాడాలన్నది. మన దగ్గర చాలామంది అసలు బాధను చివరికి దాచుకుంటారు. చీటీ అందుకొని లేచి, తలుపు దాకా వెళ్లి, "అన్నట్టు డాక్టరుగారూ, మెట్లెక్కితే గుండెల్లో పట్టేసినట్టుంటోంది" అంటారు. ఆ ఒక్క మాట మొదటే వస్తే ఆ రోజు పరీక్షలే వేరుగా ఉండేవి. అందువల్ల ముఖ్యమైన బాధలు రెండు మూడు ముందురోజే కాగితం మీద రాసుకొని, కూర్చోగానే చెప్పండి. కొత్త మందు రాస్తే అది దేనికి, ఎన్నాళ్లు, ఏ ఇబ్బంది కనిపిస్తే వెంటనే రావాలి అని అడగండి. పరీక్ష రాస్తే దాని ఫలితాన్ని బట్టి వైద్యంలో ఏం మారుతుందో అడగండి. చివరగా, "నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను, తప్పుంటే దిద్దండి" అని మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఇది నిమిషంలో అయిపోతుంది, పొరపాట్లన్నీ అక్కడే బయటపడతాయి. ఇలా అడిగితే విసుక్కునే డాక్టర్లు లేకపోలేదు కాని, "అమ్మకు మందులు వేసేది నేనేనండీ, తెలిస్తే తప్పు లేకుండా వేస్తాను" అంటే చాలామంది మెత్తబడతారు. అప్పటికీ జవాబు రాకపోతే డాక్టరును మార్చడంలో సంకోచం అక్కర్లేదు. కొత్త బిళ్లను మాత్రం జవాబు దొరికేదాకా మీ అంతట మీరే ఆపకండి.

కేసు షీటు విషయంలో మీరు బతిమాలాల్సిన పని లేదు. 2002 నాటి వైద్య వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గాని, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరితే 72 గంటల్లో ఇవ్వాలి. అమ్మగారి సంతకంతో దరఖాస్తు రాసి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం కూడా జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్న హక్కే. అదనంగా ఒక మాట: ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే కాగితం చదవకుండా పెట్టకండి. పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని, ప్రాణాపాయం ఉంటే తప్ప విడిగా అనుమతి తీసుకోవాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ప్రశ్న: మా నాన్నగారికి క్యాన్సర్ అని తేలింది. ఆయనకు చెప్పవద్దని అన్నయ్య డాక్టరుగారిని బతిమాలాడు. నాన్నగారు మాత్రం నాకేమైందని రోజూ అడుగుతున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, నర్సీపట్నం

జవాబు: మీ అన్నగారిది ప్రేమే, అందులో సందేహం లేదు. కాని రేపు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకువెళితే, గేటు దగ్గర బోర్డు చదవగలిగిన మనిషికి విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు జబ్బు సంగతితోపాటు, ఇంట్లో అందరూ కలిసి తన దగ్గర దాచారన్న సంగతి కూడా ఆయనకు తెలుస్తుంది. కీమో (క్యాన్సర్‌కు ఇచ్చే మందుల చికిత్స) అయ్యాక జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలన్నది ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్త. వాడుతున్నది ఏమిటో తెలియని రోగి ఆ జ్వరాన్ని మామూలు జ్వరమనుకొని ఊరుకుంటాడు.

రోజూ అడుగుతున్నారంటే ఆయన తెలుసుకోవడానికి సిద్ధంగా ఉన్నారనే నేను అనుకుంటాను. అయినా ఎంతవరకు అన్నది ఆయననే అడగండి: "నాన్నగారూ, రిపోర్టుల సంగతంతా డాక్టరుగారు మీతోనే చెప్పాలా, మాతో మాట్లాడితే సరిపోతుందా?" కొందరు పెద్దవాళ్లు "మీరే చూసుకోండిరా" అంటారు, అదీ వారి నిర్ణయమే, దాన్ని గౌరవించాలి. చెప్పమంటే, అన్నగారిని కూడా వెంటబెట్టుకొని, తొందర లేని సమయం డాక్టరుగారిని ముందుగా అడిగి వెళ్లండి. ఆ గదిలో మొదటి ప్రశ్న నాన్నగారినే అడగనివ్వండి.