టెక్ సందేహాలు: బూటు లోపలి నాలుగు అంకెలు చూశారా?

ప్రశ్న: రోజూ బైక్ మీదే ఆఫీసుకు వెళ్తాను. రైడింగ్ బూట్లు కొనాలి. ఫ్యాక్టరీల్లో వేసుకునే స్టీల్ టో సేఫ్టీ షూస్ గట్టిగానే ఉంటాయి కదా, అవి చాలవా? ఆన్‌లైన్‌లో 'సీఈ సర్టిఫైడ్' అని రాసి ఉన్నవన్నీ ఒకటేనా?

జవాబు: ఈ రెండు ప్రశ్నలూ నెలనెలా జంటగానే వస్తున్నాయి. చాలవు. ఒకటి కావు.

సేఫ్టీ షూ పుట్టిందే పైనుంచి బరువు పడితే కాలివేళ్లు నలగకుండా కాపాడటానికి. సేఫ్టీ షూలకు ఉన్న ప్రమాణం ఈఎన్ ఐఎస్ఓ 20345 ప్రకారం దాని ముందు వేళ్లను కప్పే గట్టి టోపీ 200 జౌళ్ల (జౌల్ అంటే శక్తికి కొలత) దెబ్బకు తట్టుకోవాలి. బైక్ పడినప్పుడు జరిగేది వేరు. బండి పక్కకు ఒరిగి పాదాన్ని కింద వేసుకుంటుంది, ఫుట్‌పెగ్‌కీ రోడ్డుకీ మధ్య పాదం అడ్డంగా నలుగుతుంది, ఆ పైన రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. ఈ మూడింటికీ సేఫ్టీ షూను ఎవరూ పరీక్షించి అమ్మరు. పైగా లావుపాటి ఆ టోపీ గేర్ లివర్ కింద సరిగా దూరదు.

ఇక సీఈ, అంటే యూరప్ నిబంధనలకు సరిపోతుందని వేసే గుర్తు సంగతి. ఆ రెండక్షరాలు ఒంటరిగా ఉంటే బూటు గురించి ఏమీ చెప్పవు. మోటార్‌సైకిల్ పాదరక్షలకు యూరప్‌లో విడిగా ప్రమాణం ఉంది: ఈఎన్ 13634. దాని 2017 కూర్పు ప్రకారం పరీక్ష నెగ్గిన బూటు లోపలి లేబుల్ మీద చిన్న బైక్ రైడర్ బొమ్మ, దాని దగ్గరే నాలుగు అంకెలు ఉంటాయి. ఒక్కో అంకె 1 గానీ 2 గానీ అవుతుంది. మొదటిది బూటు ఎత్తు. రెండోది రాపిడి: ఎక్కువగా ఒరుసుకుపోయే భాగం పరుగెత్తే గరుకు బెల్టు మీద 5 సెకన్లు ఆగితే 1, 12 సెకన్లు ఆగితే 2. మూడోది కోతకు తట్టుకోవడం.

నాలుగోదే నా దృష్టిలో అసలైనది. సోల్‌ను రెండు పక్కల నుంచి అడ్డంగా నొక్కితే ఎంత బలానికి ఆగుతుందో అది చెబుతుంది. 1 అంటే ఒక కిలోన్యూటన్, 2 అంటే ఒకటిన్నర. సుమారుగా వంద కిలోల బరువుకూ నూట యాభై కిలోల బరువుకూ ఉన్న తేడా. ఎత్తు అంకె 2 ఉంటే ఇదీ 2 ఉంటుందనుకోవద్దు. పిక్కల దాకా వచ్చే బూటుకూ ఇక్కడ 1 ఉండొచ్చు, స్నీకర్‌లా కనబడే పొట్టి బూటుకు 2 ఉండొచ్చు. చూపుతో తేలేది కాదు, చదవాలి.

మరో కిటుకు చాలామందికి తెలియదు. చీలమండకు తగిలే దెబ్బ ఈ నాలుగు అంకెల్లో లేనే లేదు. అది ఐచ్ఛిక పరీక్ష. నెగ్గితే అంకెలతో పాటు 'ఐపీఏ' అని ఉంటుంది. నాలుగూ 2 ఉన్న బూటుకు కూడా ఐపీఏ లేకపోవచ్చు. అలాగే డబ్ల్యూఆర్ అంటే నీళ్లు ఆపుతుంది, ఎఫ్ఓ అంటే సోల్ పెట్రోలు, ఆయిల్‌కు చెడదు. ఊళ్లో తిరిగే రైడర్‌కు చివరి అంకె 2, పక్కన ఐపీఏ ఉంటే చాలా మేలు. ఎత్తు అంకె 1 అయినా పర్వాలేదు, కానీ చీలమండ పూర్తిగా లోపలికి పోవాలి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇది: చీలమండ దగ్గర పెట్టిన ప్యాడ్ ఒక్కదానికే సర్టిఫికెట్ ఉంటుంది, బూటు మొత్తానికి ఉన్నట్టు ప్రకటనలో రాస్తారు. ప్యాడ్ బాగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న పల్చటి తోలు, మెత్తటి సోల్ ఎవరూ పరీక్షించనివి. ఆన్‌లైన్ పేజీల్లో బూటు ఫొటోలు అన్ని కోణాల్లోనూ పెడతారు, కుట్లు దగ్గరగా చూపిస్తారు, లేబుల్ మాత్రం కనబడదు. కొనేవాడి పాదం ఆధారపడేదే ఆ లేబుల్ మీద. దాని ఫొటో అడగండి. యూరప్ నియమం 2016/425 ప్రకారం బూటుతో వచ్చే కాగితంలో పరీక్షించిన సంస్థ పేరు, నంబరు ఉండాలి. లేబుల్, కాగితం రెండూ చూపించలేకపోతే ఆ బూటు వద్దు. నాలుగున్నర చుక్కల రేటింగ్ చూసి కొనేవాళ్లకూ ఒక మాట: ఆ చుక్కలు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది దానితో నడిచి చూశారు, పడి చూడలేదు.

చేతికి వచ్చాక మీరే చేయగల పరీక్షలున్నాయి. మడమ ఒక చేత్తో, ముందు భాగం ఇంకో చేత్తో పట్టి తడిబట్ట పిండినట్టు తిప్పండి. సులువుగా మెలి తిరిగితే పక్కన పెట్టండి. పాదం వెడల్పుగా ఉండేచోట సోల్‌ను రెండు పక్కల నుంచీ నొక్కండి, ముడుచుకోకూడదు. మడమ వెనక బొటనవేలితో నొక్కితే సొట్ట పడకూడదు. సాయంత్రం, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, రైడింగ్‌కు వేసే సాక్సులతోనే తొడిగి చూడండి. లేసులు బిగించాక ఎవరినైనా మడమ పట్టి లాగమనండి, ఊడి వచ్చే బూటు రోడ్డు మీద కూడా ఊడుతుంది. జిప్ ఒక్కటే ఉన్నదానికన్నా జిప్‌తో పాటు పట్టీ ఉన్నది నయం. లేసులు వేలాడితే ఫుట్‌పెగ్‌కో గేర్ లివర్‌కో చుట్టుకుంటాయి, సిగ్నల్ దగ్గర కాలు కిందకు రాక బండితో సహా పడిపోతారు. లేసులు దాచే మడత లేని బూటయితే ముడిని లోపలికి దోపాల్సిందే.

ప్రశ్న: కొత్త బూట్లతో గేర్ పైకి పడటం లేదు. బ్రేక్ లైటు కూడా వెలుగుతూనే ఉంటోంది. బూట్లు వాపసు ఇవ్వాలా?

జవాబు: బూట్లది తప్పు కాదు, లివర్లు మీ పాత చెప్పులకు సరిపోయేలా ఉన్నాయి. గేర్ లివర్‌కు లింకేజ్ రాడ్ ఉంటే రెండు చివర్లా ఉన్న లాక్ నట్లు వదులు చేయండి. చాలా బళ్లలో ఒకటి ఎడమ మరది, అంటే ఎదురు దిశలో తిరుగుతుంది, బలవంతం చేస్తే మర పోతుంది. రాడ్‌ను అర చుట్టు చొప్పున తిప్పుతూ, బండి మీద కూర్చుని సరిచూసుకుని, నట్లు బిగించండి. రాడ్ లేకుండా లివర్ నేరుగా షాఫ్ట్ మీదే ఉంటే మార్కర్‌తో గీత పెట్టుకుని, బోల్టు పూర్తిగా తీసి, షాఫ్ట్ చుట్టూ ఉన్న పళ్లలో ఒక్క పల్లు మాత్రమే జరపండి.

బ్రేక్ లైటును తేలిగ్గా తీసుకోవద్దు. మందపాటి సోల్ పెడల్‌ను కొద్దిగా నొక్కి ఉంచుతోంది, వెనక బ్రేక్ వేడెక్కి అరిగిపోతుంది, వెనక వచ్చేవాళ్లకు మీరు నిజంగా ఎప్పుడు ఆగుతున్నారో తెలియదు. మొదట పెడల్ ఎత్తు తగ్గించండి, తర్వాత ఫ్రీ ప్లే (బ్రేక్ పట్టకముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం), చివరికి బ్రేక్ లైటు స్విచ్ సరిచేయండి. ఈ వరుస మారితే మళ్లీ మొదటికే వస్తారు.

ప్రశ్న: కొన్నేళ్లు అల్మరాలో ఉన్న బూట్లు తొడగ్గానే సోల్ పొడిపొడిగా రాలిపోయింది. వాడనే లేదు కదా?

జవాబు: వాడకపోయినా పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోల్‌ను గాలిలోని తేమ లోలోపల విరిచేస్తుంది. జిగురుతో అతికితే ఆగదు, కొత్త సోల్ వేయించాలి, వేయలేని నిర్మాణమైతే బూటు మార్చాలి. ఎక్కువ రోజుల తర్వాత తీసినప్పుడు రోడ్డెక్కే ముందు సోల్ అంచును గోటితో గీరి చూడండి. పెచ్చు లేస్తే ఆ బూటు తొడగవద్దు. తడిసినప్పుడు హీటర్ దగ్గర పెట్టకుండా, లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టండి. రెండు మూడు గంటలకోసారి పేపర్లు మార్చండి.