పౌచ్‌తో కాపురం: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చి॥ అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. పొట్ట మీద మలం పట్టే బ్యాగు తీసేసి ఐదు వారాలైనా రోజుకి పద్నాలుగుసార్లు దొడ్డికి వెళ్తున్నావట. ఆపరేషన్ ఫెయిలయిందని తలుపేసుకుని కూర్చున్నావట. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం మొహమాటపడతావు. అందుకే రాస్తున్నా. మన ఇళ్ళలో పెద్దపేగు లేకుండా ఇరవై రెండేళ్ళు నెట్టుకొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను సిగ్గుపడకుండా రాస్తాను, నువ్వూ సిగ్గుపడకుండా చదువు.

ఐదో వారానికి పద్నాలుగంటే కంగారు పడే లెక్క కాదు. నాకు మొదటి నెల పదహారు. ఆరో నెలకి తొమ్మిదైంది, ఏడాది తిరిగేసరికి ఆరు, రాత్రిపూట ఒకటి. చాలామందికి ఐదుకీ ఎనిమిదికీ మధ్య ఎక్కడో కుదురుకుంటుంది. మీ సర్జన్ నీ చిన్నపేగు చివర ఓ అడుగు, అడుగున్నర ముక్కని మడిచి కుట్టి సంచి చేశాడు, పౌచ్ అంటే అదే. వచ్చినదాన్ని ముందుకు తోసెయ్యడమే ఆ ముక్కకి పుట్టినప్పట్నుంచీ తెలిసిన పని. ఇప్పుడు దాన్ని పట్టి ఉంచమంటున్నాం. పైగా నీళ్ళూ ఉప్పూ పీల్చుకునే పెద్దపేగు పోయింది కాబట్టి ఆ పనీ దాని నెత్తినే పడింది. కొత్తగా డ్యూటీలో చేరినవాడికి మొదటి నెల్లోనే మెమో ఇవ్వకూడదు కదరా.

ఈ ఆపరేషన్‌కీ పెద్ద వయసేం లేదు. 1978లో లండన్‌లో పార్క్స్, నికోల్స్ అనే సర్జన్లు మొదటి రకం సంగతి రాశారు. అది ‘ఎస్’ ఆకారంలో ఉండేది. ఖాళీ అవ్వాలంటే వాళ్ళ పేషెంట్లలో చాలామంది ట్యూబు పెట్టుకోవాల్సి వచ్చేది. 1980లో జపాన్ సర్జన్ ఉత్సునోమియా ‘జె’ ఆకారం తెచ్చాడు. మనిద్దరి కడుపులో ఉన్నది అదే. ట్యూబు బాధ తప్పించినందుకు ఆయనకో దణ్ణం.

ముందుగా నువ్వు చెయ్యాల్సింది ఒక నోట్‌బుక్ కొనడం. నేను బస్సులో టిక్కెట్ల లెక్క రాసినట్టే నాలుగు గళ్ళు గీశాను. పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, చిక్కదనం, వచ్చాక ఎన్ని నిమిషాలు ఆపుకోగలిగాను. చిక్కదనానికి నా కొలత ఇడ్లీ పిండి. పిండిలా ఉంటే మంచిరోజు, మజ్జిగలా ఉంటే ఆ రోజు ఏదో తేడా. గట్టిపడాలని ఆశపడకు, అది జరగదు. కదిలిన ప్రతిసారీ పరుగెత్తకు. నొప్పి లేనప్పుడు ఐదు నిమిషాలు ఓపిక పట్టు, వారం పోయాక పది. సంచి నెమ్మదిగా సాగుతుంది. ఏడాది తర్వాత రోజూ రాయక్కర్లేదు, నెలలో మూడు రోజులు చాలు. ఎందుకో చెప్తాను.

2009లో, అంటే ఆపరేషన్ అయిన ఆరేళ్ళకి, నాకు ఆరు కాస్తా పదకొండైంది. అప్పటికి నోట్‌బుక్ మూలన పడేసి నాలుగేళ్ళు. అది ఎప్పుడు మొదలైందో కూడా తెలీదు. ఎండాకాలం కాబట్టి తప్పంతా కొత్తావకాయ మీదకి తోశాను. మీ అత్త జాడీలు అటకెక్కించింది. అయినా తగ్గలేదు. పెరుగన్నమే తిన్నా, అయినా తగ్గలేదు. మోకాళ్ళు పట్టేస్తుంటే మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగాను. మూడు నెలలిలా గడిచాక ఓ రాత్రి నాలుగుసార్లు లేచాను. నాలుగోసారి పక్క తడిసింది. మీ అత్త ఏమీ అనలేదు, దుప్పటి తీసి బకెట్లో నానబెట్టి, పొద్దున్నే ఆస్పత్రికి ఆటో పిలిచింది.

స్కోపీ చేస్తే, అంటే కెమెరా ట్యూబు లోపలికి పంపి చూస్తే, పౌచ్ లోపలంతా ఎర్రగా వాచి, పుళ్ళు. దాన్ని పౌచైటిస్ అంటారు. పౌచ్ ఉన్నవాళ్ళలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. కీళ్ళ నొప్పి దానితో పాటు వచ్చిందే. నేను మింగిన నొప్పి బిళ్ళలు మంటలో నెయ్యి పోశాయి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకు. జ్వరానికైనా, తలనొప్పికైనా నీకు పారాసిటమాలే. నాకు రెండు వారాలు సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. నాలుగో రోజుకి ఏడుకి దిగింది. మూడు నెలలు ఆవకాయని ఆడిపోసుకున్నాను పాపం.

కథ అక్కడితో అయిపోలేదు. 2016లో మళ్ళీ పదీ పన్నెండు. ఈసారి నాకంతా తెలుసనుకున్నా. పాత చీటీ చూపించి అదే యాంటీబయాటిక్ కొన్నాను, ఒక కోర్సు కాదు, రెండు. ఏం లాభం లేదు. మోషన్లు తగ్గాలని లోపరమైడ్ కూడా వేసుకున్నా. కడుపు డోలులా ఉబ్బింది. తీరా డాక్టరు గ్లౌజు వేసుకుని వేలితో చూస్తే, సంచిని కింద కలిపి కుట్టు వేసిన చోట దారి చిటికెన వేలు పట్టనంత సన్నబడి ఉంది. సంచి సగమే ఖాళీ అవుతుంటే పది నిమిషాలకోసారి మళ్ళీ వెళ్ళాలనిపించేది. మత్తిచ్చి వెడల్పు చేశారు, ఏడాదికి ఇంకోసారి చేశారు. లెక్క పుస్తకంలో రెండుసార్లూ ఒకే అంకె, లోపల జబ్బులు మాత్రం వేరు. మొదటిసారి నీళ్ళలా వచ్చేది, కడుపులో మెలిపెట్టేది, ఆపుకోలేకపోయేవాణ్ణి. రెండోసారి కూర్చుని ముక్కాలి, సన్నగా వచ్చేది, లేచాక ఇంకా ఏదో మిగిలినట్టుండేది. ఏ జబ్బో నువ్వు తేల్చక్కర్లేదు. ఈ తేడా డాక్టరుకి చెప్పగలిగితే చాలు. రక్తం కనిపిస్తే కూడా చెప్పు. కింద కాస్త పాత పేగు అంచు వదిలేస్తారు, పెద్దపేగు తీసెయ్యాల్సి వచ్చిన పాత జబ్బు అక్కడ మళ్ళీ తలెత్తొచ్చు. దానికి మందు వేరు. స్కోపీ ఎప్పుడు రమ్మంటే అప్పుడు వెళ్ళు. బాగానే ఉంది కదా అని మానెయ్యకు.

కడుపు ఉబ్బి, వాంతులవుతూ, కింద ఏమీ రాకపోతే మాత్రం నోట్‌బుక్ పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి పో. పేగు అడ్డుపడటం అంటే అదే. విరేచనాల మందు గానీ, ఇంటి వైద్యం గానీ వద్దు.

తిండి గురించి నన్నడిగితే, ఎవరి జాబితా వాళ్ళదే. నాకు అన్నం, అరటిపండు, బంగాళాదుంప, సగ్గుబియ్యం జావ కట్టిపడేస్తాయి. పచ్చిమిరపకాయ బజ్జీ తిన్న నోరు సుఖపడుతుంది, మర్నాడు రెండో చివర ఏడుస్తుంది. ములక్కాడ పీచు ఊసెయ్యి. మొక్కజొన్న, పచ్చికొబ్బరి నమిలి పిండి చేశాకే మింగు. రాత్రి భోజనం ఏడున్నరకల్లా ముగించు. పదింటికి తింటే రెండింటికి లేస్తావు, దానికి జాతకం చూడక్కర్లేదు. ఇసబ్‌గోల్ పొట్టు, లోపరమైడ్ ఎంత, ఎప్పుడు అనేది మీ డాక్టరు చెప్పినట్టే. నాకు లోపరమైడ్ భోజనానికి అరగంట ముందు పనిచేస్తుంది. బయటికెళ్ళాలని మాత్రం పస్తుండకు. ఖాళీ పౌచ్‌లో గ్యాసూ, మండే నీళ్ళూ తప్ప ఏమీ ఉండవు. విజయవాడ రూటులో డ్యూటీకి ఎక్కేముందు రెండు ఇడ్లీలు తిని ఎక్కిన రోజే నాకు సుఖంగా గడిచేది.

ఎండాకాలం ఉత్త మంచినీళ్ళు లీటర్లు లీటర్లు తాగితే సరిపోదు, ఉప్పు పోతుంది. కాళ్ళు పట్టేయడం, మూత్రం ముదురు పసుపులో రావడం, లేవగానే కళ్ళు తిరగడం దాని గుర్తులు. ఓఆర్ఎస్ తాగు. లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్ళలోనే కలుపు, గ్లాసులో సగం వంపి అందాజుగా కలపకు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడు. డబ్బాల్లో అమ్మే తియ్యటి నీళ్ళు ఆ పని చెయ్యవు, పైగా ఆ పంచదారకి మోషన్లు పెరుగుతాయి. ఉప్పేసిన గంజి, మజ్జిగ కూడా మనకి మంచివే.

దొడ్డికెళ్ళే చోట మంట గురించి మీ అమ్మతో చెప్పలేకపోయుంటావు. ఆ నీళ్ళలో చిన్నపేగు రసాలుంటాయి, చర్మాన్ని కొరికేస్తాయి. పేపరుతో రుద్దకు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దు, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా రాయి. పుండు పడ్డాక కాదు, ఈ రోజే మొదలుపెట్టు. రాత్రి పడుకునేటప్పుడు చిన్న ప్యాడ్ పెట్టుకో. నేను అరవై దాటాక మళ్ళీ మొదలుపెట్టాను. కింది కండరం వయసుతో కాస్త వదులైంది, నిద్రలో చుక్క జారుతుంది. ఫిజియోథెరపిస్టు నేర్పిన బిగించి వదిలే వ్యాయామం చేస్తున్నాను, కొంత నయం.

ఏడాదికోసారి రక్తపరీక్షలో బి12, ఐరన్, విటమిన్ డి చూపించుకో. నా అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే షుగరేమోనని హడలిపోయాను, తీరా చూస్తే బి12 తక్కువ. ఇంజెక్షన్లతో సర్దుకుంది.

ఆఫీసుకి రెండు నెలలాగి వెళ్ళు. మేనేజర్ ఒక్కడికి చెప్పు, చివరి వరస సీటు అడుగు, బ్యాగులో ఒక జత బట్టలుంచు. నేను పదేళ్ళు మోశాను, వాడింది మూడుసార్లు. పెళ్ళి సంగతి మీ అమ్మ గొణుగుతోంది. మీ మరదలు నా ఆపరేషన్ అయ్యాకే పుట్టిందని గుర్తుచెయ్యి.

సంక్రాంతికి రా. వెనక గదికి ఆనుకుని బాత్రూం కట్టించాం, గొళ్ళెం లోపల్నించి గట్టిగా పడుతుంది. ఆ గది నీకే. అరిసెలు రెండుకి మించి పెట్టొద్దని మీ అత్తకి చెప్పాను, వింటుందో లేదో తెలీదు. వచ్చేటప్పుడు నోట్‌బుక్ తీసుకురా, నాదీ తీసి పక్కన పెట్టుకుని చూద్దాం.

మీ
మామయ్య