సుధకు అత్తయ్య ఉత్తరం

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసే సౌర ఘటాల మీద పీహెచ్‌డీలో చేరుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత పలుచని పొరల జోలికి వచ్చింది నువ్వే. సంతోషం ఎంతో దిగులూ అంతే.

నోట్‌బుక్ రోజూ రాయి, తేదీ వేయి. గాజు పలకలు శుభ్రంగా కడుగు. చదవవలసినవి మీ గైడు చెబుతారు.

నా బెంగంతా నీ చేతుల గురించి. లెడ్ అయోడైడ్‌ను కరిగించే డీఎంఎఫ్ అనే ద్రావణి చర్మంలోంచి లోపలికి ఇంకిపోతుంది. ల్యాబుల్లో దొరికే పలుచని నైట్రైల్ గ్లౌజులు దాన్ని ఎక్కువసేపు ఆపలేవు. చుక్క పడితే వెంటనే మార్చు. ఈ పలక పూర్తయ్యాక చూద్దాం అనుకోకు. బ్యూటైల్ రబ్బరు గ్లౌజులు తెప్పించమని అడుగు. మొహమాటపడ్డావో, నేనే వచ్చి మీ గైడుతో మాట్లాడతాను. దీపావళి మందు అంటిన నీ వేళ్లను సబ్బుతో రుద్ది కడిగినదాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

ఇక అసలు సంగతి. మేము కాడ్మియం టెల్యురైడ్ సౌర ఘటాల మీద పనిచేసే రోజుల్లో నాకంటే ముందు చేరిన ఒకాయన ఉండేవారు. ఎంతో నిజాయితీపరుడు, రాత్రింబవళ్లు కష్టపడేవారు. ఒకసారి ఆయన ఘటంలో చదరపు సెంటీమీటరుకు 34 మిల్లీఆంపియర్ల కరెంటు వచ్చింది. ఆ పదార్థపు బ్యాండ్ గ్యాప్ దాదాపు 1.45 ఎలక్ట్రాన్ వోల్టులు. అంతకంటే తక్కువ శక్తి ఉన్న కాంతిని అది వాడుకోలేదు కనుక, మామూలు ఎండలో 30కి అటూ ఇటూగానే ఆగిపోవాలి. ఆయనకు ఈ లెక్క కంఠస్థం. అయినా ఆనందంలో వేసి చూసుకోలేదు. థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఆ అంకె మీదే కట్టారు. సెమినార్‌లో ఒక పెద్దాయన, "వైశాల్యం ఎలా కొలిచావు బాబూ?" అని మెల్లగా అడిగారు. కరెంటు తీసుకోవడానికి ఘటం వెనక వేసిన లోహపు చుక్క వైశాల్యమే ఆయన లెక్కలోకి తీసుకున్నారు. రసాయనంతో పైపొరను కొరికించే ఎచింగ్ తర్వాత ఉపరితలం మీద మిగిలిన టెల్యూరియం పొర, చుక్క చుట్టుపక్కల పుట్టిన కరెంటును కూడా లాక్కొచ్చింది. చుక్క చుట్టూ సూదితో గీసి మళ్లీ కొలిస్తే 20 దగ్గర నిలిచింది. అది మంచి ఫలితమే సుధా, కానీ ఆయనకు ఓటమిలాగే కనిపించింది. ఆ తర్వాత ఆయన తన కొలతలు మాకెవరికీ చూపించేవారు కాదు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

మీ రంగంలో తొందర ఇంకా ఎక్కువ. 2009లో జపాన్‌లో 3.8 శాతం సామర్థ్యంతో మొదలైన ఘటాలు ఇప్పుడు 26 దాటాయి. అందుకే ఘటం ముందు మాస్కు, అంటే కొలిచిన రంధ్రం ఉన్న రేకు, లేకుండా ఏ అంకే రాసుకోకు. వోల్టేజిని పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి కొలువు. రెండూ కలవకపోతే రెండూ రాయి. గరిష్ఠ శక్తి దగ్గర ఘటాన్ని కాసేపు నిలిపి చూడు. ఏ రంగు కాంతిలో ఎంత భాగం కరెంటుగా మారుతుందో చెప్పే క్వాంటం ఎఫిషియెన్సీ నుంచి లెక్కకట్టిన కరెంటుతో సరిచూసుకో. 1.6 గ్యాప్ ఉన్న పొర 27 మిల్లీఆంపియర్లు ఇచ్చిందంటే, స్వీట్లు పంచే ముందు మాస్కు చూడు. వానాకాలంలో నల్లని పొర పసుపుపచ్చగా మారితే దిగులుపడకు, తేమకు విడిపోయి లెడ్ అయోడైడ్ మిగిలిందన్నమాట. ఆ పలకలను కూడా దాచు.

చేరిన మొదటి వారంలోనే మాస్కు చేయించి, దాని రంధ్రాన్ని మైక్రోస్కోపు కింద కొలిచి, ఎంత వచ్చిందో నాకు రాయి. గ్లౌజుల సంగతి కూడా.

ప్రేమతో,
అత్తయ్య