అమెరికాలో పెద్ద యూనివర్సిటీకి నవంబర్‌లోనే అప్లై చేయాలా?

గుంటూరులో ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదివే మీ అమ్మాయి చేత ఎర్లీ అప్లికేషన్ (నవంబర్‌లోనే ముందుగా వేసేది) వేయించాలా, జనవరి దాకా ఆగాలా అని కదా మీ డౌటు. ముందు డబ్బు సంగతి తేల్చుకోండి.

కొలంబియా, కార్నెల్ లాంటి చోట ఉండేది ఎర్లీ డెసిషన్, అంటే సీటొస్తే చేరి తీరతామని అమ్మాయి, మీరు, కాలేజీ కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి, ఆ తర్వాత మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇచ్చిన ఆర్థిక సాయం చాలకపోతే తప్పుకోవచ్చు, నిజమే, కానీ నాలుగు చోట్ల ఆఫర్లు పోల్చి చూసుకునే అవకాశం మాత్రం పోతుంది. పొలం అమ్మో లోన్ తీసుకునో పంపే ఇంట్లో అది చిన్న విషయం కాదు.

యేల్, స్టాన్‌ఫర్డ్‌లది వేరే పద్ధతి. అక్కడ సీటొచ్చినా చేరి తీరాలన్న కట్టుబాటు లేదు, మే 1 దాకా ఆలోచించుకోవచ్చు. కాకపోతే అమెరికాలోని ఇంకో ప్రైవేటు యూనివర్సిటీకి ఎర్లీగా వేయకూడదు.

ఎర్లీలో సీట్ల శాతం ఎక్కువని కన్సల్టెన్సీ వాళ్లు ఊరిస్తారు. ఆ లెక్కలో ఆటల కోటాలో ముందే ఎంచుకున్న పిల్లలు కూడా ఉంటారని మాత్రం చెప్పరు!

గడువు సాధారణంగా నవంబర్ 1, ఫలితం డిసెంబర్ మధ్యలో. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో కాబట్టి, ఆ చదువుకి అడ్డు రాకుండా అప్లికేషన్‌తో పంపాల్సిన వ్యాసాలు, లెక్చరర్ల సిఫారసు లేఖలు అక్టోబర్‌లోపే సిద్ధమైతేనే వేయించండి. శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశాలకు రాసే పరీక్ష) స్కోరు ఇంకా పెరుగుతుందనుకుంటే ఆగడమే నయం.