డాక్టర్ సలహా: పడవ సంగతి తర్వాత, ముందు ఆ వేలు చూపించండి

ప్రశ్న: నా వయసు 51. చెన్నై తండయార్‌పేటలో ఉంటాం. షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. ముక్కనుమ నాడు స్నేహితుడితో కలిసి కాశిమేడు నుంచి ఫైబర్ బోటులో గాలాలు వేసి చేపలు పట్టడానికి వెళ్దామనుకుంటున్నాం. పోయినేడు పడవలో ఆగకుండా వాంతులయ్యాయి. ఏ మాత్ర వేసుకోవాలి? చలికి రెండు పెగ్గులు వేసుకోవచ్చా? అన్నట్టు, ఆరు వారాల క్రితం పులికాట్ దగ్గర జెల్ల చేప ముల్లు గుచ్చుకుని కుడి ఉంగరం వేలు వాచింది. మెడికల్ షాపులో ఇచ్చినవి ఐదు రోజులు వాడితే తగ్గింది. ఇప్పుడు మళ్ళీ వాచింది, మణికట్టు దగ్గర రెండు చిన్న గడ్డలు కూడా వచ్చాయి. నొప్పి పెద్దగా లేదు.
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: వాంతుల మాత్ర గురించి కింద చెబుతాను. ‘అన్నట్టు’ అని చివర్లో పడేసిన వేలు సంగతే నన్ను కంగారు పెడుతోంది. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఈ వేలితో మీరు ముక్కనుమకు కూడా కదలకపోతే మంచిది.

జెల్లకు (మీ దగ్గర కెళుత్తి అంటారు) వీపు మీద ఒకటి, పక్క రెక్కల దగ్గర చెరొకటి ముళ్ళుంటాయి. వాటి అంచులకు రంపపు పళ్ళు, పైన పల్చటి పొరలో విషం. గుచ్చుకున్నప్పటి మంట ఆ విషానిది, అది ఒకట్రెండు రోజుల్లో పోతుంది. ఆరు వారాలకు వాపు తిరగబెట్టిందంటే ప్రధానంగా రెండు అనుమానాలు. ముల్లు ముక్క లోపలే విరిగి ఉండాలి, లేదా నిదానంగా పెరిగే క్రిమి ఏదో చేరి ఉండాలి. గడ్డలు మణికట్టు దాకా పాకడం రెండోదాన్ని గుర్తుచేస్తోంది. మైకోబ్యాక్టీరియం మారినమ్ అని, క్షయ క్రిమికి దగ్గరి చుట్టం, నీళ్ళలో, చేపల మీద ఉంటుంది. గుచ్చుకున్న రెండు నుంచి నాలుగు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. సాధారణంగా జ్వరం రాదు, నొప్పీ తక్కువే. అందుకే జనం నెలల తరబడి నాన్చి, వేలు ముడుచుకోవడం కష్టమయ్యాక వస్తారు. చేతిని చూడకుండా మీది అదేనని అనలేను. కాదని తేలేదాకా మాత్రం వదలకూడదు.

ముందు ఎక్స్‌రే, అందులో తేలకపోతే అల్ట్రాసౌండ్. తర్వాత గడ్డ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి (సూక్ష్మదర్శిని కింద చూడటానికి), కల్చర్‌కి (క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటానికి) పంపుతారు. ఇక్కడొక మెలిక ఉంది. ఈ క్రిమి 30 నుంచి 33 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. ల్యాబ్‌లో మామూలుగా 37 డిగ్రీల దగ్గర పెడితే ‘ఏమీ పెరగలేదు’ అని రిపోర్టు రావచ్చు. బయాప్సీలో చూస్తే క్షయలాగే ఉంటుంది. క్షయకిచ్చే మందుల్లో ఐసోనియాజిడ్, పైరజినమైడ్ దీని మీద సాధారణంగా పనిచేయవు. అందుకే చేప ముల్లు గుచ్చుకుందన్న మాట మీరే నోరు తెరిచి చెప్పాలి, ల్యాబ్ చీటీ మీద కూడా రాయించాలి. ఇదేనని తేలితే మందులు మూడు నాలుగు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. వాటిలో క్లారిత్రోమైసిన్ మీ గ్లిమెపిరైడ్‌తో కలిస్తే షుగర్ పడిపోవచ్చు, రిఫాంపిసిన్ అయితే పెరిగిపోవచ్చు.

ఇక మెడికల్ షాపు. ‘వేలు వాచింది’ అనగానే చిన్న కవరులో కట్టిచ్చే సెట్టు నాకు బాగా తెలుసు. ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి మాత్ర, పక్కన ఓ చిట్టి తెల్ల మాత్ర. ఆ చిట్టి మాత్ర చాలాసార్లు స్టెరాయిడే. వాపు రెండు రోజుల్లో దిగుతుంది, మీరు మెచ్చుకుంటారు, లోపల క్రిమి హాయిగా పెరుగుతుంది, పైగా షుగర్ ఎక్కుతుంది. నొప్పి మాత్రతో ఇంకో తంటా. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మీ బీపీ మాత్రలోని రెండు మందులతో కలిస్తే కిడ్నీల మీద భారం పడుతుంది. అప్పుడు పడవలో వాంతులై ఒంట్లో నీరు కూడా తగ్గితే కిడ్నీలు ఒక్కసారిగా దెబ్బతినొచ్చు. ఆ ఐదు రోజులూ ఏం మింగారో మీకు పేరు తెలుసా? తెలియదనే అనుకుంటున్నాను.

మీకు స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గరే. అక్కడ చేతి సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది, ఈ వారమే వెళ్ళండి. వేలికి ఉంగరం ఉంటే ఇవాళే తీసేయండి. వేలు మొత్తం వాచి, సగం ముడుచుకుని ఉండిపోయి, చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే ఈ వారం దాకా ఆగొద్దు, అదే రాత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. టెటనస్ ఇంజెక్షన్ వేసుకుని ఐదేళ్ళు దాటి ఉంటే ఆ మాటా చెప్పండి.

అది తేలేదాకా సముద్రం వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఉప్పునీటిలో విబ్రియో అనే క్రిములుంటాయి, వెచ్చటి నీళ్ళంటే వాటికి ఇష్టం. చలిదేశాల్లో శీతాకాలం వాటిని అణిచేస్తుంది. చెన్నై తీరంలో జనవరిలో కూడా నీళ్ళు అంత చల్లబడవు. షుగర్ ఉన్నవారికి, మందు అలవాటుతో లివర్ పాడైనవారికి గాయం ద్వారా ఇవి చేరితే గంటల్లో ముదురుతుంది. గాయం చిన్నదై నొప్పి విపరీతంగా ఉన్నా, ఊదారంగు బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా ఒడ్డుకు తిరిగొచ్చి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాలి.

చెయ్యి నయమయ్యాక వెళ్తే ఒక ఫ్లాస్కు వేడినీళ్ళు, ఒక పొడవు ముక్కు పట్టకారు పెట్టుకోండి. జెల్ల నోట్లో గాలం తీసేటప్పుడే ఎక్కువ మందికి గుచ్చుకుంటుంది. వేళ్ళతో తీయొద్దు. గుచ్చుకుంటే తాగే నీళ్ళతో కడిగి, 45 డిగ్రీలకు మించని వేడినీళ్ళలో అరగంట నుంచి గంటన్నర ఉంచితే నొప్పి తగ్గుతుంది. షుగర్‌తో స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి వేడి మీ స్నేహితుణ్ణి చూడమనండి. పసుపు, సున్నం, డీజిల్ పూయొద్దు.

వాంతులకు: ఆండాన్సెట్రాన్, డాంపెరిడోన్ ప్రయాణపు వాంతులకు పెద్దగా పనిచేయవు. ప్రోమెథజైన్ (అవోమిన్) 25 మిల్లీగ్రాములు ముందురాత్రి పడుకునేటప్పుడు ఒకటి సరిపోతుంది. గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), ప్రోస్టేట్ ఇబ్బంది ఉంటే మీ డాక్టరును అడక్కుండా వద్దు. నిద్రమత్తు ఉంటుంది కాబట్టి తిరుగు ప్రయాణంలో బండి నడపొద్దు. దీనితో పెగ్గులు అసలు వద్దు. మందు తాగితే వెచ్చగా అనిపిస్తుందే గానీ ఒంటి వేడి బయటికి పోతుంది, గ్లిమెపిరైడ్ ఉన్నవారికి షుగర్ కూడా పడిపోతుంది. తిండి నిలవకపోతే ఆ రోజు షుగర్ మాత్రలు ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి. జేబులో గ్లూకోజు ఉంచుకోండి. పడవ మధ్యలో, ఇంజను పొగ తగలని చోట కూర్చుని దూరాన నీళ్ళు, ఆకాశం కలిసే గీతను చూడండి, ఫోన్ కాదు. లైఫ్ జాకెట్ తప్పనిసరి. కోస్ట్ గార్డు నంబరు 1554.

ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మెడికల్ షాపులో ఇచ్చిన ఆ మందుల స్ట్రిప్పు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే, ఖాళీదైనా సరే, వెంట తీసుకెళ్ళండి.