తోడు వెళ్లేటప్పుడు

అమ్మడూ,

వచ్చే వారం నుంచి అత్యాచార బాధితులకు తోడుగా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. "అరవలేకపోయావా తల్లీ" అన్నాను. జాలితోనే అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది, మళ్లీ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. భయం ముంచుకొస్తే ఒళ్లు కొయ్యబారుతుంది, గొంతు పెగలదు. అది ఒప్పుకోవడం కాదని నాకు తర్వాత తెలిసింది.

జరిగింది వరసగా చెప్పలేరు. ఫ్యాను చప్పుడు గుర్తుంటుంది, తారీఖు గుర్తుండదు. నిన్న చెప్పనిది ఇవాళ చెబుతారు. అబద్ధమనుకోకు. మాట అందించకు కూడా. రేపు కోర్టులో అది ఆమె మాటో నీ మాటో అని లాగుతారు.

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో సఖి వన్ స్టాప్ సెంటర్ ఉంది, బాధితులకు కావాల్సిన సాయమంతా ఒకేచోట అందే కేంద్రం. ఆటో దిగగానే లోపలికి పరుగెత్తించకు. టీ తాగుతావా, ఎక్కడ కూర్చుంటావు, నేను పక్కన ఉండనా అని అడుగు. ఆమె మాట చెల్లని చోటి నుంచి వచ్చింది కదా, చిన్న విషయాల్లోనైనా చెల్లనీ. వెంట వచ్చిన పిన్నులను, అత్తలను మంచినీళ్లు తెమ్మని బయటికి పంపు, ఆ మాత్రం నాటకం తప్పు కాదు.

కేసు పెట్టకపోయినా వైద్యం చేయాలి. గర్భం రాకుండా మాత్ర, హెచ్‌ఐవీ రాకుండా మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మంచిది. గడువు దాటినా వెళ్లాల్సిందే, మిగతా వైద్యం ఉంటుంది. ప్రతి పరీక్షకూ ముందు ఆమెను అడగాలి, మధ్యలో వద్దంటే ఆపాలి. రెండు వేళ్ల పరీక్ష, అంటే ఆమెకు ఇదివరకే లైంగిక అనుభవం ఉందా అని యోనిలో వేళ్లు పెట్టి చూడటం, ఎవరు చేసినా దుష్ప్రవర్తనేనని సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. ఎవరైనా ఆ మాటెత్తితే అక్కడే అడ్డు చెప్పు.

పెద్దవాళ్లయితే కేసు పెట్టాలా వద్దా అన్నది వాళ్లిష్టం. నీకు ఎంత కోపం వచ్చినా సరే, నెట్టకు. 18 ఏళ్లలోపు పిల్లలైతే వేరు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. అందుకని "ఎవరికీ చెప్పను" అని పాపకు మాటివ్వకు. మాటిచ్చి తప్పితే ఇంకో పెద్ద మనిషి మోసం చేసినట్టే. పోలీసులు యూనిఫాం లేకుండా ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి, పాపను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. భీమిలిలో జరిగినా గాజువాక స్టేషన్‌లో ఫిర్యాదు రాయించవచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

సిటీ బస్సులో ఫోన్లో కేసు సంగతులు మాట్లాడకు. విశాఖ పెద్దదే గానీ, పక్క సీటువాళ్లు ఎవరి చుట్టాలో తెలియదు.

సాయం కోసం ఫోన్ చేయాలంటే మహిళలకు 181, పిల్లలకు 1098. ఈ నంబర్లు నోటికి వచ్చేదాకా చెప్పించు. ఫోన్లో సేవ్ చెయ్యమనకు, ఇంట్లో ఆ ఫోన్ ఎవరు తిరగేస్తారో.

కొన్ని రోజులు నీకూ నిద్ర పట్టదు. ఆదివారం సాయంత్రం బీచ్‌కి రా, కూర్చుందాం. పేర్లు మాత్రం నాకూ చెప్పకు.

మీ పెద్దమ్మ