చదును దారే కదా అనుకోకురా అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది, జూన్‌లో నువ్వూ నీ ఫ్రెండూ మిన్నెసోటాలో ఫెర్గస్ ఫాల్స్ నుంచి సెయింట్ జోసెఫ్ దాకా సైకిళ్ళ మీద పోదామనుకుంటున్నారట, 100 మైళ్ళు, అదీ ఒక్క రోజులో. "చదును దారే కదమ్మా, మొత్తం తారే" అన్నావట. ఆ మాట వినగానే నాకు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, ఎత్తినా ఇంకేదో చూసుకుంటూ ఊ కొడతావు, అందుకని కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు ఆ చదును సంగతి చెప్తా. ఫెర్గస్ ఫాల్స్ నుంచి ఓసాకిస్ అనే ఊరి దాకా ఉన్నది సెంట్రల్ లేక్స్ ట్రైల్, 55 మైళ్ళు, అక్కడ్నుంచి లేక్ వోబెగాన్ ట్రైల్ అందుకుంటుంది, రెండూ ఒకప్పుడు రైలు పట్టాలున్న దారులే. రైలు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి గుట్టలు తవ్వి, పల్లాలు పూడ్చి నేలని సమం చేశారు, ఎక్కడా 2 శాతం మించి ఎత్తు తగలదు దాదాపు. వినడానికి బానే ఉంటుంది. కానీ కొండదారిలో అయితే ఎక్కేటప్పుడు సీటు మీంచి లేస్తావు, దిగేటప్పుడు కాళ్ళు ఆపేస్తావు, ఒంటికి తెలీకుండానే రెస్ట్ దొరుకుతుంది. ఇక్కడ దిగుడే లేదు, తొక్కితేనే కదులుతుంది, ఆపితే ఆగుతుంది. నాలుగు గంటలు ఒకే భంగిమలో ఒకే చోట కూర్చుని తొక్కడం అంటే ఏంటో నీకు 30వ మైలు దగ్గర తెలుస్తుంది, అప్పుడు కాళ్ళు కాదు నొప్పి పెట్టేది.

అందుకని ప్రతి పది నిమిషాలకీ లేచి నిలబడి ఒక ఇరవై చుట్లు తొక్కు, అవసరం అనిపించకపోయినా సరే. చేతులు హ్యాండిల్ మీద చోటు మారుస్తూ ఉండు, లేదంటే చిటికెన వేళ్ళు మొద్దుబారతాయి. ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ కొనుక్కో, దాని లోపల ఇంకేం వేసుకోకూడదు, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, సిగ్గుపడి ఎవర్నీ అడగనూ లేదు, దాని ఫలితం రెండ్రోజులు బోర్లా పడుకున్నా. సోఫా లాంటి మెత్తటి సీటు మాత్రం కొనకు. షాపులో నొక్కి చూస్తే ముద్దొస్తుంది, రెండు గంటలయ్యాక తొడలు ఒరుసుకుని మంట.

ఇక అసలు సంగతి, గాలి. ఆ ప్రెయిరీలో, అంటే ఆ గడ్డి మైదానాల్లో, గాలే కొండ. నేను ఈ ట్రైల్ మీద మొదటిసారి వెళ్ళినప్పుడు అలెగ్జాండ్రియాలో బయల్దేరి ఫెర్గస్ ఫాల్స్ వైపు తొక్కా, ఒకటే రోజు పోయి రావాలని ప్లాన్, అప్పటికి నాకు 52 ఏళ్ళు. సైకిల్ దూసుకుపోతోంది, గంటకి 18 మైళ్ళు, అబ్బో ఈ వయసులో కూడా మనకి భలే స్టామినా ఉందే అనుకున్నా, దార్లో ఎదురొచ్చిన వాళ్ళు తలలు వంచుకుని ముక్కుతూ తొక్కుతుంటే పాపం అని జాలి కూడా పడ్డా. మధ్యలో ఆష్బీ అనే ఊళ్ళో భోంచేసి వెనక్కి తిప్పాక తెలిసింది, పొద్దున్నించీ తొక్కింది నేను కాదు, గాలి. ఒక్క జెండా కూడా వాలట్లేదు, రెల్లు మొత్తం నా మొహం మీదకే వంగి ఉంది. 18 కాస్తా 7 అయింది. ఆఖరి ఆరు మైళ్ళు దిగి నడిచా, మీ అత్తయ్యకి మాత్రం టైర్ పంక్చర్ అయిందని చెప్పా, ఇప్పటికీ అదే నమ్ముతోంది, నువ్వు నోరు జారకు.

లెక్క సింపులే. నువ్వు గంటకి 12 మైళ్ళు తొక్కుతున్నావు, ఎదురుగాలి 15 ఉంది, అంటే నీ ఛాతీని కొట్టేది 27 మైళ్ళ గాలి. గాలి తోపు ఆ స్పీడ్‌తో పాటు సమానంగా పెరగదు, స్పీడ్ రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు. కొండైతే ఎక్కాక అయిపోతుంది, ఈ గాలి సాయంత్రం దాకా అయిపోదు. కాబట్టి ఎటు నుంచి ఎటు తొక్కాలో ముందే రాసిపెట్టుకోవద్దు. బయల్దేరే రెండ్రోజుల ముందు గాలి ఎటు నుంచో చూసుకో. వేసవిలో అక్కడ దక్షిణం గాలి ఎక్కువ, అలాంటప్పుడు సెయింట్ జోసెఫ్‌లో మొదలుపెట్టి పైకి పో. వానొచ్చి చల్లబడ్డాక వాయవ్యం గాలికి తిరుగుతుంది, అప్పుడు నువ్వనుకున్నట్టే ఫెర్గస్ ఫాల్స్ నుంచి కిందకి రా. రూమ్‌లు కూడా క్యాన్సిల్ చేసుకోవడానికి వీలున్నవే తీసుకో. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

ఇంకోటి, పొద్దున్నే గాలి పడుకుని ఉంటుంది, పదింటికి లేస్తుంది. అక్కడ జూన్‌లో ఐదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది కాబట్టి ఆరింటికి సైకిలెక్కితే గాలి లేచేసరికి సగం దూరం అయిపోతుంది. సెలవు కదా అని తొమ్మిదింటి దాకా పడుకుంటే మాత్రం నేను చెప్పేదేం లేదు.

నా మాట విని మూడు రోజులు పెట్టుకో. ఫెర్గస్ ఫాల్స్ నుంచి అలెగ్జాండ్రియా నలభై పైచిలుకు, అక్కడ్నుంచి సాక్ సెంటర్ అనే ఊరికి ఓ పాతిక, మూడో రోజు సెయింట్ జోసెఫ్ దాకా ముప్పై పైచిలుకు. మధ్య రోజు తక్కువ పెట్టింది కావాలనే, రెండో రోజే ఒళ్ళు మొండికేస్తుంది. ట్రైల్ మీద సైకిళ్ళకి టికెట్ లాంటిదేం లేదు. ఇద్దరూ రెండు కార్లలో పోయి ఒకటి ఆఖర్లో వదిలేసి రెండోదాంట్లో మొదటి చోటికి రండి, అంతకంటే తేలిక దారి నాకు తెలీదు.

నీళ్ళ గురించి మరీ కంగారు పడక్కర్లేదు. పాత రైలు దారి కదా, ఆవిరి ఇంజిన్‌కి నీళ్ళు కావాలి, రైతు గుర్రబ్బండి మీద ధాన్యం తెచ్చి పొద్దుగూకే లోపు ఇంటికి చేరాలి, అందుకని పది మైళ్ళకి అటూ ఇటూగా ఒక ఊరు పడుతూ వచ్చింది. డాల్టన్, ఆష్బీ, ఈవాన్స్‌విల్, బ్రాండన్, గార్ఫీల్డ్, అన్నీ చిట్టి ఊళ్ళే. ఊరి కంటే ముందు ధాన్యం గిడ్డంగి టవర్ కనిపిస్తుంది, ఇదిగో వచ్చేశాం అనుకుంటావు, అరగంట తొక్కినా అది అక్కడే నిలబడి ఉంటుంది, దాన్ని చూస్తూ తొక్కకు, పిచ్చెక్కుతుంది. అయితే చిన్న ఊళ్ళలో ఆదివారం ఏదీ తెరవకపోవచ్చు, రెండు బాటిళ్ళు ఎప్పుడూ నిండుగా ఉంచుకో, నాలుగు పల్లీ ఉండలు జేబులో పడెయ్.

చూడాల్సినవి చెప్తా, ఎందుకంటే నువ్వు స్పీడ్ మీటర్ చూసుకుంటూ అన్నీ వదిలేసే రకం. ఫెర్గస్ ఫాల్స్ వైపంతా చిన్న చిన్న మడుగులు, పది వేల ఏళ్ళకి పైబడి క్రితం హిమానీనదాలు వెనక్కి పోతూ వదిలేసిన మంచు ముద్దలు కరిగి ఏర్పడ్డ గుంటలవి. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా ఇలాంటి మడుగుల ప్రాంతంలోనే పిల్లల్ని చేస్తాయి. తుంగ మీద ఊగుతూ భుజాన ఎర్ర మచ్చ ఉన్న నల్ల పిట్ట కనిపిస్తే మురిసిపోకు, హెల్మెట్ సరిచూసుకో. ఆ సీజన్‌లో దానికి గూట్లో పిల్లలుంటాయి, వెనకనుంచి వచ్చి టపీమని నెత్తి మీద తన్ని పోతుంది. చేతులు ఊపి సైకిల్ మీంచి పడకు, ఆగకుండా తొక్కేసెయ్, నాలుగడుగులు పోతే వదిలేస్తుంది.

ఓసారి ఓసాకిస్ దాటాక దారి అంచున పెద్ద స్నాపింగ్ తాబేలు కనిపించింది, పళ్ళెమంత ఉంది, వీపంతా నాచు. వెనక కాళ్ళతో కంకర తవ్వుతోంది, ఒక కాలు, ఆగడం, ఇంకో కాలు, ఆగడం. మేం సైకిళ్ళు పడుకోబెట్టి దూరంగా కూర్చున్నాం. కాసేపటికి ఒక్కో గుడ్డు జారడం మొదలెట్టింది, అచ్చం పింగ్ పాంగ్ బంతిలా తెల్లగా, పడ్డదాన్ని వెనక కాలితోనే మెల్లిగా సర్దుతోంది, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మేం నలభై నిమిషాలు కూర్చున్నాం, ఆ రోజు ఎన్ని మైళ్ళు తొక్కామో గుర్తులేదు. అలాంటిది దారి మధ్యలో ఉంటే తోక పట్టి ఎత్తకు, దానికి దెబ్బ తగులుతుంది, పైగా దాని మెడ నువ్వనుకున్న దానికంటే పొడుగు.

ఆష్బీలో నల్ల నీటికోడి బొమ్మ పెద్దదొకటి ఉంది, అలెగ్జాండ్రియాలో 28 అడుగుల వైకింగ్ బొమ్మ, బిగ్ ఓల్ అంటారు, ఫొటోలు ఎలాగూ తీసుకుంటారు, దాని గురించి నేను చెప్పక్కర్లేదు.

మూత్రానికని పొదల్లోకి దిగేటప్పుడు జాగ్రత్త. పసుపు రంగు గొడుగుల్లాంటి పూలతో నడుం ఎత్తు మొక్క కనిపిస్తే తాకకు, వైల్డ్ పార్స్‌నిప్ అది, దాని పాలు చర్మానికంటి ఎండ తగిలితే నూనె చిట్లినట్టు బొబ్బలు లేస్తాయి. రాత్రి స్నానానికి ముందు మోకాళ్ళ వెనక, నడుం దగ్గర, చెవుల వెనక పేలంత పురుగు ఉందేమో వెతుక్కో, టిక్ అంటారు, ఉంటే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగు, నలపకు, అగ్గిపుల్లతో కాల్చడం లాంటి చిట్కాలు వద్దు. రోజంతా అంటుకుని ఉండనిస్తేనే, అది కుడితే వచ్చే లైమ్ అనే జబ్బు భయం ఎక్కువ.

ఉరుము వినిపిస్తే అయిపోయినట్టే, ఇంకో మైలు పోదాం అనకు. ఆ మైదానంలో నీకంటే ఎత్తైనదేదీ ఉండదు. ఒంటరి చెట్టు కిందకి పోవద్దు, ట్రైల్ పక్కన నాలుగు స్తంభాల మీద రేకు వేసిన షెల్టర్ కూడా వానకే గానీ పిడుగుకి పనికిరాదు. గోడలున్న బిల్డింగ్‌లోకో కార్లోకో పో, ఆఖరి ఉరుము తర్వాత అరగంట అక్కడే ఉండు.

సైకిల్ సంగతి. నీ దగ్గరున్న ఆ సన్న టైర్ల రేస్ బండి వద్దు. చలికాలం నేల గడ్డకట్టి ఉబ్బి, తారు అడ్డంగా చీలిపోతుంది కొన్ని చోట్ల, టక్కు టక్కు మని కొడుతూనే ఉంటుంది, పాత రైలు మళ్ళీ నడుస్తున్నట్టు. 35 నుంచి 40 మిల్లీమీటర్ల టైర్ వేయించు, గాలి 50 పీఎస్ఐ చుట్టూ పెట్టు, నీ బరువుకి కొంచెం అటూ ఇటూ. స్పేర్ ట్యూబ్ రెండు, అదీ నీ చక్రం సైజువే, నేనోసారి కారు డిక్కీలోంచి మీ అత్తయ్య సైకిల్ ట్యూబ్ పట్టుకుపోయా. ఇంట్లో ఒకసారి వెనక చక్రం విప్పి మళ్ళీ బిగించి చూడు, వీడియో చూస్తే వచ్చేస్తుంది అనుకోకు. బట్టలు వీపు మీద బ్యాగ్‌లో కాదు, వెనక క్యారియర్‌కి తగిలించే సంచుల్లో.

మట్టి రోడ్డు ట్రైల్‌ని దాటే ప్రతిచోటా ఆగు, ట్రాక్టర్ వాడికి నువ్వు కనపడవు. ఎవర్నైనా దాటేటప్పుడు బెల్లు కొట్టి ఆన్ యువర్ లెఫ్ట్, అంటే నీ ఎడమ పక్కనుంచి వస్తున్నా అని, అను, గట్టిగా కాదు, వినపడేలా.

వెనక సంచులు నా దగ్గర ఒక జత ఖాళీగా ఉన్నాయి, ఎడమదానికి జిప్పు కొంచెం మొరాయిస్తుంది, కొవ్వొత్తి రుద్దితే పోతుంది. శనివారం పొద్దున వచ్చి తీసుకుపో, సైకిల్ కూడా వేసుకురా, సీటు ఎత్తు చూస్తా.

మీ మావయ్య